కుతుపాలంగ్ శిబిరంలో రాత్రి కాన్పులు: నా అనుభవం

రోహింగ్యా శిబిరంలో ప్రసవ కేంద్రం ఎలా నడుస్తోందో చూడాలంటే పగలు వెళ్లి లాభం లేదు. పగలు గర్భిణులు బారులు తీరి కూర్చుంటారు, బీపీలు చూస్తుంటారు, ఐరన్ మాత్రలు పంచుతుంటారు, రిజిస్టరు నిండుతుంటుంది. నొప్పులు చాలామందికి రాత్రే ముదురుతాయి. ఆ వేళకి తలుపు తీసి ఉందా, లోపల ఆడమనిషి ఉందా, లైటు వెలుగుతోందా, ఫ్రిజ్‌లో మందు చల్లగా ఉందా, పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తే బండి దొరుకుతుందా అన్నవే తల్లి ప్రాణాన్ని తేలుస్తాయి. కాక్స్ బజార్ శిబిరాల్లో కాన్పుల పని చేసినవాళ్లం ఏ మార్పు చేసినా చివరికి ఈ రాత్రి లెక్కకే వచ్చి ఆగేది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్ సైన్యం దాడులతో రాఖైన్ రాష్ట్రం నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు నాఫ్ నది దాటి బంగ్లాదేశ్ వచ్చారు. అంతకుముందు 1978లో, 1991-92లో వచ్చినవాళ్లూ ఉన్నారు. కాక్స్ బజార్ జిల్లాలోని ఉఖియా, టెక్నాఫ్ ఉపజిల్లాల్లో మొత్తం 33 శిబిరాలు. కుతుపాలంగ్-బాలుఖాలి అన్నది వాటిలో పెద్ద ముద్ద: మట్టిగుట్టల మీద వెదురు, టార్పాలిన్ గుడిసెలు. 2024 నుంచి రాఖైన్‌లో యుద్ధం ముదిరి కొత్తగా లక్ష మందికి పైగా వచ్చిపడ్డారు. వాళ్లలో నెలలు నిండినవాళ్లకి ఒక్క పరీక్ష కాగితం కూడా ఉండదు.

లెక్క ఎక్కడ మొదలవుతుంది

శరణార్థి శిబిరాల్లో కాన్పుల అంచనాకి ఒక మోటు లెక్క వాడతారు. ఏడాదికి వంద మంది జనాభాకి 4 కాన్పులు. అంటే 10 వేల మందికి ఏడాదికి 400, మూడు నెలలకి 100. అందులో 15 శాతం కాన్పుల్లో ఏదో ఒక పెద్ద చిక్కు వస్తుంది. 5 నుంచి 15 శాతానికి ఆపరేషన్ పడుతుంది. 20 వేల మందికి ఒక కేంద్రం అనుకుంటే రోజుకి సగటున రెండు కాన్పులు. కాగితం మీద ఇది చాలా తేలికగా కనిపిస్తుంది. కాన్పులు సగటు ప్రకారం రావుగా! రెండు రోజులు ఎవరూ రారు, మూడో రాత్రి నలుగురు ఒకేసారి వస్తారు. అందులో ఒకామెకి రక్తం ఆగదు. అందుకే ఒక్కో షిఫ్టులో కనీసం ఇద్దరు మిడ్‌వైఫ్‌లు (కాన్పు చేయడంలో చదువు, శిక్షణ ఉన్నవాళ్లు) ఉండాలి. ఒక్కరే ఉంటే తల్లికి రక్తం కారుతున్నప్పుడు బిడ్డకి ఊపిరి అందించేవాళ్లు ఉండరు. మూడు షిఫ్టులకి ఇద్దరేసి, వారానికి 42 డ్యూటీలు. వారానికి ఆరు రోజుల పనికి ఏడుగురు కావాలి. సెలవులు, జ్వరాలు, శిక్షణలు కలుపుకుంటే తొమ్మిది మంది లేనిదే రాత్రి షిఫ్టు నిలబడదు. ఏడుగురితో నడిపే చోట ముందు దెబ్బతినేది రాత్రే. ఒకరు సెలవు పెట్టగానే "ఈ రాత్రికి ఒక్కరే చూసుకోండి" అంటారు.

బంగ్లాదేశ్‌లో మూడేళ్ల మిడ్‌వైఫరీ డిప్లొమా 2013లో మొదలైంది. శిబిరాల్లో కాన్పుల భారం మోస్తున్నది చాలావరకు ఆ అమ్మాయిలే. పాతికేళ్లు కూడా నిండనివాళ్లు ఎందరో. చిట్టగాంగ్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లకి రోహింగ్యా మాట చాలావరకు అర్థమవుతుంది, ఢాకా, రంగపూర్ వైపు నుంచి వచ్చినవాళ్లకి కాదు. రోస్టరు వేసేటప్పుడు సీనియారిటీతో పాటు దీన్నీ చూడాలి. ప్రతి షిఫ్టులో చిట్టగాంగ్ మాట తెలిసినవాళ్లు ఒకరు, లేకపోతే రోహింగ్యా మహిళా వాలంటీరు ఒకరు. తర్జుమాకి అత్తగారిని, ఆడబిడ్డని వాడకూడదు. భర్త కొట్టాడా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతోందా, ముందు కాన్పులో ఏం జరిగింది అన్న ప్రశ్నలకి వాళ్ల ఎదుట నిజం రాదు.

మొదటి ప్రశ్న ఏది

చేర్చుకునేటప్పుడు అడిగే ప్రశ్నల వరుస మార్చడం అన్నిటికన్నా చౌకైన మార్పు. మామూలుగా కౌంటరు దగ్గరే పేరు, కార్డు నంబరు, ఎంతమంది పిల్లలు అని మొదలుపెడతారు. రాఖైన్‌లో పెళ్లికి అధికారుల అనుమతి, ఊరు దాటడానికి అనుమతి తీసుకోవాల్సి వచ్చినవాళ్లు వీళ్లు. మాంగ్‌డా, బూతిడాంగ్‌లలో 2005 నుంచి ఇద్దరు పిల్లలకి మించకూడదన్న ఆంక్ష ఉండేది. మూడోబిడ్డ పుడితే దాచుకున్నారు. అలాంటి మనిషిని నొప్పుల్లో ఉండగా "ఎంతమంది పిల్లలు?" అని రిజిస్టరు తెరిచి అడిగితే ఆమెకి వినిపించేది చెక్‌పోస్టు. రెండు అని చెబుతుంది. నిజానికి అది ఏడో కాన్పు. ఏడో కాన్పు అని తెలియకపోతే రక్తస్రావానికి ముందుగా సిద్ధపడం.

అందుకే వరుస తిప్పాం. ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు, బీపీ, తర్వాత బిడ్డ గుండె చప్పుడు. చేత్తో పట్టుకునే డాప్లర్ ఉంటే శబ్దం ఆమెకీ, తోడొచ్చినావిడకీ వినిపించాలి. పేరు, కార్డు ఆ తర్వాత. పిల్లల సంఖ్య చివర్లో, పక్కన ఎవరూ లేకుండా, ఎందుకు అడుగుతున్నామో చెప్పి అడగాలి: ఎక్కువ కాన్పులైన గర్భసంచి సరిగ్గా ముడుచుకోదు, రక్తం ఎక్కువ పోవచ్చు, మందు ముందే సిద్ధం చేసుకోవాలి. ఇలా అడిగితే పోయిన బిడ్డల సంగతి కూడా చెబుతారు. ఇంకో ప్రశ్న తప్పనిసరి: "ఇక్కడికి రాకముందు సూది ఏమైనా వేశారా, సెలైన్ పెట్టారా?" శిబిరం సందుల్లోని మందుల కొట్లలో నొప్పులు పెంచడానికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ వేయడం మామూలే. అది కాన్పుకి ముందు కండకి వేస్తే గర్భసంచి చిరిగిపోవచ్చు, బిడ్డకి ఊపిరాడదు. అవునన్న సమాధానం వస్తే బిడ్డ గుండెని ఐదు నిమిషాలకోసారి వినాలి. నొప్పులు హఠాత్తుగా ఆగి, పొట్ట మీద బిడ్డ అవయవాలు చేతికి తగులుతుంటే అక్కడ ఇంకేమీ చేయొద్దు, బండి పిలవాలి.

దాయిని ఎక్కడ కూర్చోబెట్టాలి

ఇంటి దగ్గర కాన్పు చేసేది దాయి, మన పల్లెల్లో మంత్రసాని ఎలాగో అలాగే. మొదటి ఏళ్లలో ఎక్కువ కాన్పులు గుడిసెల్లోనే అయ్యేవి. దాయిలను తిట్టి, బెదిరించి ఆపాలని చూసిన చోట వాళ్లు చీకటిలోకి తప్పుకున్నారు, అంతే. నాలుగు రోజుల తరగతి పెట్టి కిట్టు చేతికిచ్చి "ఇక నువ్వే చెయ్" అనడమూ పనికిరాదు. రక్తం ఆగనప్పుడు ఆమె చేతిలో ఏమీ ఉండదు. పనిచేసింది మధ్యదారి: దాయి గర్భిణిని వెంటబెట్టుకుని రావాలి, లేబర్ రూంలో తలవైపు కూర్చోవాలి, నడుం రాయాలి, నీళ్లు తాగించాలి, ధైర్యం చెప్పాలి. యోని పరీక్ష, బొడ్డు, మాయ మిడ్‌వైఫ్ పని. ఈ హద్దు మొదటి రోజే స్పష్టంగా చెబితే గొడవ ఉండదు. పైగా పాత దాయిలకి మెలకువ ఉంటుంది, బిడ్డ అడ్డంగా ఉందని పొట్ట తడిమి చెప్పగలిగేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాట పెడచెవిన పెట్టకూడదు.

డబ్బు సంగతి దాటవేయడం కుదరదు. ఇంటి కాన్పుకి దాయికి ఎంతో కొంత ముడుతుంది. కేంద్రానికి తెస్తే ఆ రాబడి పోతుంది. తలకి ఇంత అని ఇస్తే నొప్పులు మొదలవకముందే తెచ్చి కూర్చోబెడతారు, లేదా ఇద్దరు దాయిలు ఒకే గర్భిణి కోసం తగువు పడతారు. కాన్పుతో ముడిపెట్టకుండా దారిఖర్చు, రాత్రి తోడు ఉన్నందుకు భోజనం, నెలవారీ సమావేశానికి భత్యం ఇవ్వడం మేలు.

36 వారాలప్పుడు భర్తనీ అత్తగారినీ పిలిచి బొమ్మల కాగితం మీద ఏర్పాట్లు రాయించాలి. రాత్రి నొప్పులొస్తే మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారు? మోసే నలుగురు ఎవరు? వాలంటీరు ఫోన్ నంబరు ఎంత? రక్తం ఎవరిస్తారు? ఆపరేషన్ అవసరమైతే భర్త ఊళ్లో లేకపోయినా ఒప్పుకున్నట్టేనా? ఈ చివరి ప్రశ్నకి ముందే జవాబు దొరకడం వల్ల మిగిలే సమయం ఇంకెక్కడా మిగలదు. రాత్రివేళ భర్త కోసం, ఆయన దొరక్క మాఝీ కోసం, మాఝీ నిద్రలేవడం కోసం ఎదురుచూస్తూ గంటలు పోతాయి. బ్లాకు పెద్దని అక్కడ మాఝీ అంటారు. అతని నోటి మాట బలమైనదే, కానీ అమ్మాయి కడుపు మీద నిర్ణయం అతనిది కాకుండా చూసుకోవాలి. ఫోన్ మీద పూర్తిగా ఆధారపడకూడదు. 2019 సెప్టెంబరు నుంచి 2020 ఆగస్టు దాకా శిబిరాల్లో 3జీ, 4జీ ఆపేశారు. చాలాకాలం రోహింగ్యాల పేరున సిమ్ కార్డే ఇవ్వలేదు. బ్లాకుకి ఒక వాలంటీరు, ఆమెకి మంచి టార్చి, పక్క బ్లాకు దాకా నడిచి వెళ్లడానికి ఇంకో తోడు ఉంటే సిగ్నల్ లేకపోయినా కబురు అందుతుంది.

గుట్ట దిగడం

చాలా గుడిసెల దాకా బండి రాదు. వెదురు గుంజలకి ఇసుక బస్తాలు ఆనించి కట్టిన మెట్లు, వానాకాలంలో అవి జారి కొట్టుకుపోతాయి. ఆసుపత్రుల్లో వాడే కాన్వాస్ స్ట్రెచర్ ఆ మెట్ల మలుపుల్లో తిరగదు, ఏటవాలులో మనిషి జారుతుంది. బాగా పనికొచ్చింది చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ. రెండు పక్కలా ఒక్కో వెదురు బొంగు, నైలాన్ తాడుతో కుర్చీ చేతుల కింద ఒకసారి, కాళ్ల దగ్గర ఇంకోసారి బిగించి కడతారు. ఛాతీకి అడ్డంగా లుంగీ లాంటి గుడ్డ. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, లైటు పట్టుకుని ముందు నడిచే ఐదో మనిషి. దిగేటప్పుడు పొట్టివాళ్లు ముందు ఉంటే కుర్చీ ముందుకి వాలుతుంది కాబట్టి పొడుగువాళ్లు ముందుండాలి. మీద కప్పడానికి టార్పాలిన్ ముక్క వానకే కాదు, పరదాకి కూడా. ఆడమనిషిని నలుగురు మగవాళ్లు మోసుకెళుతుంటే జనం చూస్తారన్న సిగ్గుతో ఆగిపోయే కుటుంబాలు ఉన్నాయి, ఆ కప్పు ఉంటే కదులుతారు. అయితే స్పృహలో ఉండి నొప్పులు పడుతున్నవాళ్లకే కుర్చీ. రక్తం పోతున్నామెని కూర్చోబెడితే కళ్లు తిరిగి పడిపోతుంది. ఆమెని దుప్పటి జోలెలోనో స్ట్రెచర్ మీదో పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాలి. ఫిట్స్ వచ్చినామెని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి.

గది

శిబిరంలో పక్కా కట్టడాలకి అనుమతి దొరకదు. లేబర్ రూం కూడా వెదురు, టార్పాలిన్, రేకులే. చాలామంది పరదా గుడ్డతో సరిపెడతారు, గుడ్డ చూపుని ఆపుతుంది కానీ గొంతుని ఆపదు. అరిస్తే బయట మగవాళ్లకి వినబడుతుందని పళ్లు బిగించి, చివరికి ఇంటికే పోతామనేవాళ్లు ఉన్నారు. నేల నుంచి కప్పు దాకా రెండు పొరల వెదురు తడికె, మధ్యలో టార్పాలిన్ పెట్టి, మగవాళ్లు కూర్చునే చోటుని ముందు వైపుకి, ఆడవాళ్ల ద్వారాన్ని పక్కకి మార్చాలి. రాత్రి కాపలా ఆడమనిషే. మంచం ఒకటి ఉంచి, నేల మీద కడగడానికి వీలైన రెగ్జిన్ పరుపు ఒకటి వేయాలి. మోకాళ్ల మీదో గొంతుకూర్చునో కనడం చాలామందికి అలవాటు. పట్టుకోవడానికి కప్పు దూలం నుంచి తాడు వేలాడదీస్తే బలవంతాన వెల్లకిలా పడుకోబెట్టే పని ఉండదు. తల బయటికొచ్చే దాకా ఆ భంగిమ దేనికీ అడ్డం కాదు.

కాన్పుకి నూరు లీటర్ల నీళ్లు అని లెక్క వేసుకోవాలి, తక్కువైతే కడగడంలోనే కోత పడుతుంది. సామాన్లు ముంచడానికి అర శాతం క్లోరిన్ నీళ్లు: 70 శాతం క్లోరిన్ పొడి లీటరుకి 7 గ్రాములు, పది నిమిషాలు, ఆ తర్వాత సబ్బుతో తోమి, ఆటోక్లేవ్‌లో ఆవిరితో శుద్ధి చేయడం. ఎక్కువసేపు నానబెడితే కత్తెరలు తుప్పు పడతాయి. తుప్పు కత్తెర బొడ్డుని నలుపుతుందే గాని కోయదు. 2023లో ఎంఎస్ఎఫ్ (సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ) చేసిన సర్వేలో శిబిరాల్లోని పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి హెపటైటిస్ సి ఉన్నట్టు తేలింది. సూదులు, బ్లేడ్లు ఒక్కసారి వాడి పారేయడంలో రాజీ పనికిరాదు. హెపటైటిస్ సి ఉన్న తల్లి పాలివ్వొచ్చు. ఈ మాట పదే పదే చెప్పాలి, లేకపోతే డబ్బాపాలు మొదలుపెట్టి నీళ్ల విరేచనాలతో బిడ్డని పోగొట్టుకుంటారు. మాయని ఇంటికి తీసుకెళ్లి పాతిపెట్టాలనే కుటుంబానికి మూత బిగించిన డబ్బాలో పెట్టి ఇవ్వాలి. కాదని గుంటలో వేస్తే మళ్లీ రారు.

రక్తం

తల్లులు పోవడానికి పెద్ద కారణం కాన్పు తర్వాత రక్తస్రావం. రక్తహీనత ముందే ఉంటుంది. ఏడు గ్రాముల హిమోగ్లోబిన్‌తో కాన్పుకి వచ్చినామెకి, పన్నెండు గ్రాములున్నామె తట్టుకునే అర లీటరు కూడా ప్రాణాంతకం. కంటితో చూసి వేసే అంచనా ఎప్పుడూ తక్కువే వస్తుంది. రెగ్జిన్ మీద పారిన రక్తం, గుడ్డల్లో ఇంకినది, టార్చి వెలుగులో నల్లగా కనిపించేది "మామూలే" అనిపిస్తుంది. బిడ్డ పుట్టగానే పిరుదుల కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరవాలి. అది లేకపోతే వెడల్పాటి స్టీలు గిన్నె పెట్టి, తడిసిన గుడ్డల్ని తూచి, ముందు తూచిన పొడి గుడ్డ బరువు తీసేయాలి. గ్రాముకి ఒక మిల్లీలీటరు. 500 మిల్లీలీటర్లు దాటినా, 300 దాటి నాడి వేగం పెరిగినా బీపీ పడిపోయినా ఇక ఆలోచన లేదు, చేయాల్సినవన్నీ ఒకేసారి మొదలవ్వాలి: గర్భసంచిని మర్దించడం, అది ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్, రక్తం గడ్డ కరిగిపోకుండా ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, మూత్రసంచి ఖాళీ చేయడం, చిరుగులు, మాయ ముక్కలు ఉన్నాయా అని వెతకడం. ఒకటి చేసి పావుగంట చూసి ఇంకోటి చేయడమే పాత అలవాటు, ప్రాణం పోయేది ఆ పావుగంటల్లోనే. వీటిని కట్టకట్టి ఒకేసారి చేసిన ఈ-మోటివ్ పరిశోధన 2023లో వచ్చింది. తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి.

ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము నరంలోకి, పది నిమిషాల్లో మెల్లగా. బిడ్డ పుట్టిన మూడు గంటల లోపే. ఆగకపోతే అరగంట తర్వాత ఇంకో గ్రాము. ఇంటి దగ్గర కాన్పై రక్తం కారుతూ వచ్చినామె విషయంలో మూడు గంటలు ఎప్పటి నుంచి అన్నది దాయినే అడగాలి. గడియారం ఎవరూ చూసి ఉండరు, ఏ నమాజు అజాన్‌కి ముందో తర్వాతో అని అడిగితే వేళ తెలుస్తుంది.

ఆక్సిటోసిన్ 10 యూనిట్లు బిడ్డ పుట్టిన నిమిషంలోపు కండకి, అందరికీ. ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. సోలార్ బ్యాటరీ తెల్లవారుజామున దిగిపోయే కేంద్రాల్లో ఫ్రిజ్ ఉదయానికి 14 డిగ్రీలు చూపిస్తుంది. తొమ్మిదింటికి చూస్తే మళ్లీ చల్లబడి ఉంటుంది, చార్టులో అంతా సవ్యంగానే రాస్తారు. రాత్రి షిఫ్టు చేతులు మారేటప్పుడు, తెల్లవారి 5 గంటలకి రాసిన అంకే అసలు అంకె. ఇంకో తప్పు ట్రేలో ఆంపూల్స్ (మందు గాజుబుడ్లు) సర్దిపెట్టి మర్చిపోవడం. రేకుల కింద మధ్యాహ్నం వేడిలో రోజులు గడిపిన మందు బలాన్ని నమ్మలేం. షిఫ్టుకి సరిపడా ఆంపూల్స్ మాత్రమే ఐస్ ప్యాక్ ఉన్న చిన్న డబ్బాలోకి తీయాలి, అవి ఐస్‌కి నేరుగా తగలకూడదు, గడ్డకట్టకూడదు. వేడిని తట్టుకునే కార్బెటోసిన్ 100 మైక్రోగ్రాములు రక్తస్రావం రాకుండా ఆపడానికి బాగుంటుంది, అది దొరికిన చోట రాత్రి భయం సగం తగ్గింది. రక్తస్రావం మొదలయ్యాక చికిత్సకి మాత్రం అది కాదు. ఏ మందూ చల్లగా లేకపోతే మిసోప్రోస్టాల్ మాత్రలు: ముందు జాగ్రత్తకి 600 మైక్రోగ్రాములు మింగించడం, చికిత్సకి 800 నాలుక కింద. ఒంట్లో వణుకు, జ్వరం వస్తాయి, అది మందు వల్లేనని పక్కనున్నవాళ్లకి ముందే చెప్పాలి.

ఇవన్నీ చేసినా ఆగకపోతే కండోమ్ టాంపొనేడ్. ఢాకా డాక్టర్ సయేబా అఖ్తర్ 2000 ప్రాంతంలో మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు లోకమంతా వాడుతోంది. ఫోలీ క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) కొసకి కండోమ్ దారంతో గట్టిగా కట్టి, గర్భసంచిలోకి పంపి, రక్తం ఆగే దాకా 200 నుంచి 500 మిల్లీలీటర్ల సెలైన్ నింపుతారు. విఫలమయ్యేది దాదాపు ఎప్పుడూ దారం దగ్గరే: వదులైతే కారిపోతుంది, మరీ బిగిస్తే క్యాథెటర్ మూసుకుపోయి నీళ్లెక్కవు. నెలకోసారి గ్లౌజులో నీళ్లు నింపి మిడ్‌వైఫ్‌లందరి చేతా కట్టించాలి. క్యాథెటర్, కండోమ్, దారం, క్లాంపు, సెలైన్ సెట్టు ఒకే సంచిలో కట్టి, సంచి మీద సీలు వేసి ఉంచాలి. సీలు తెగి ఉంటే ఎవరో అందులోంచి ఏదో తీసుకున్నారని అర్థం.

ఫిట్స్

గుర్రపువాతం, అంటే గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం, ఆ సంగతి క్లుప్తంగా. తలనొప్పి, కళ్లు మసకబారడం, మొహం ఉబ్బడం మొదలైతే రావాలని వాలంటీర్లు చెబుతూనే ఉంటారు. ఫిట్స్ చూడగానే చాలా ఇళ్లలో ముందు జిన్ పట్టిందనుకుని మౌల్వీని పిలుస్తారు. ఆయనతో వాదం పెట్టుకోవద్దు. ఇమాములతో ముందే మాట్లాడి ఉంచితే దువా చదివి ఆయనే బండెక్కిస్తాడు. ఫిట్స్‌కి మందు మెగ్నీషియం సల్ఫేట్. దాన్ని తక్కువ మోతాదుతో ఇచ్చే ఢాకా పద్ధతిని బంగ్లాదేశ్‌లో వాడతారు, అక్కడి ఆడవాళ్ల బరువు తక్కువ కాబట్టి: మొదట 4 గ్రాములు నరంలోకి మెల్లగా, 3 గ్రాముల చొప్పున రెండు పిరుదులకీ, ఆపైన నాలుగు గంటలకోసారి రెండున్నర గ్రాములు. ప్రతి మోతాదుకి ముందు మోకాలి మీద తడితే కాలు కదలడం, నిమిషానికి కనీసం 16 శ్వాసలు, నాలుగు గంటల్లో కనీసం 100 మిల్లీలీటర్ల మూత్రం ఉన్నాయా చూడాలి. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ అదే ట్రేలో ఉండాలి. మూత్రంలో ప్రోటీన్ చూసే స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే ఆ తేమలో వారంలోనే రంగు మారి అబద్ధం చెబుతాయి.

పంపడం

ఆపరేషన్ చేయగలిగిన చోటు శిబిరం లోపలైతే మధుర్‌ఛరాలోని హోప్ ఫీల్డ్ హాస్పిటల్ లాంటివి. బయటైతే కాక్స్ బజార్ సదర్ హాస్పిటల్, ఉఖియా వైపు నుంచి 30 కిలోమీటర్ల పైమాటే, దారిలో చెక్‌పోస్టులు. శరణార్థులు అనుమతి లేకుండా శిబిరం దాటకూడదు కాబట్టి రెఫరల్ కాగితమే పాస్‌పోర్టు. సంతకం, ముద్ర వేసిన ఖాళీ ఫారాలు రాత్రి షిఫ్టు దగ్గర ఉండాలి, ముద్ర పగటి డాక్టరు బీరువాలో ఉంటే బండి గేటు దగ్గరే ఆగుతుంది. కాగితంలో నొప్పులు మొదలైన వేళ, ఇచ్చిన మందులు, వాటి వేళ, రక్తం గ్రూపు, కొలిచిన రక్తం రాయాలి. తోడుగా ఒక ఆడమనిషి, రక్తం ఇవ్వగల ఇద్దరు మగవాళ్లు వెళ్లాలి. హెపటైటిస్ పరీక్షలో దాతలు తప్పుకోవడం మామూలు కాబట్టి ఒక్కరితో సరిపెట్టొద్దు. బయల్దేరే ముందు ఫోన్ చేసి అవతలివాళ్లు ఒప్పుకున్నాకే కదలాలి. మంచాలు లేవని తిప్పి పంపితే ఇంకో గంట. అక్కడికి చేరిన మనిషి ఏమైందో మర్నాడు కనుక్కుని తనని పంపిన మిడ్‌వైఫ్‌కి చెప్పాలి. లేకపోతే ఆమెకి తన నిర్ణయం సరైనదో కాదో ఎన్నటికీ తెలియదు.

ఆపరేషన్ అంటే భయం పెద్దది. కోస్తే మళ్లీ నీళ్ల బిందె ఎత్తలేరని, పిల్లలు పుట్టరని, పుట్టకుండా చేసేస్తారని. ఈ భయాన్ని డాక్టర్ల మాట తీర్చదు. అదే బ్లాకులో ఆపరేషన్ అయి, బిందె ఎత్తుతున్నామె వచ్చి కూర్చుంటే తీరుతుంది. కుటుంబ నియంత్రణ మాట నొప్పుల్లో ఎత్తకూడదు. 36 వారాలప్పుడు ఒకసారి, కాన్పయ్యాక ఇంటి దగ్గర ఇంకోసారి. బాలింత కిట్టు ఇవ్వడానికీ దానికీ ఏ సంబంధం పెట్టినా వదంతి గుట్టంతా పాకుతుంది.

కాన్పయ్యాక

తల్లి 24 గంటలు ఉండాలని నియమం. ఇంటి దగ్గర నలుగురు పిల్లలున్నామె మూడో గంటకే లేస్తుంది. తలుపుకి అడ్డం నిలబడటం కన్నా వేడి అన్నం, పప్పు పెట్టి, చిన్న పిల్లని పక్కన పడుకోనిస్తే తెల్లారేదాకా ఉంటుంది. కనీసం ఆరు గంటలు ఉంచి, మర్నాడు వాలంటీరు ఇంటికెళ్లి చూడాలి. నలభై రోజులు గడప దాటని ఆచారం ఉంది కాబట్టి వారం తర్వాత రమ్మని చీటీ రాయడం వృథా. మూడో రోజు, ఏడో రోజు మనమే వెళ్లాలి. బిడ్డ చెవిలో అజాన్ చదవడానికి తండ్రి లోపలికి రానక్కర్లేదు, వెచ్చగా చుట్టి ద్వారం దాకా తీసుకెళితే చాలు, పాలు పట్టడం ఆలస్యం కాదు. ఏడుపు లేని బిడ్డ ఉంటే మాత్రం ఆ మొదటి నిమిషం బ్యాగు, మాస్కుదే: నిమిషానికి 40 సార్లు, ఛాతీ లేస్తోందా లేదా చూస్తూ. బొడ్డుకి 7.1 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఒక్కసారి. అది రాయకుండా పంపితే ఇంటి దగ్గర ఆవనూనో బూడిదో పడుతుంది.

తల్లి పోయిన ప్రతి సందర్భంలో విచారణ జరగాలి. ఎవరిది తప్పని కాదు, ఎక్కడ వేళ పోయిందని: ఇంట్లో నిర్ణయానికా, దారిలోనా, మన గదిలోనా? మన గదిలో పోయిన వేళని రాయడానికి ఎవరికీ చేయి రాదు, అందుకే విచారణకి బయటి కేంద్రం నుంచి ఒకరిని పిలవడం మంచిది. 2025లో అంతర్జాతీయ నిధులు కోతపడ్డాక కేంద్రాలు మూసే మాటలు, వేళలు కుదించే మాటలు మొదలయ్యాయి. లెక్కలు చూసేవాళ్లకి రాత్రి షిఫ్టు ఖరీదుగా కనిపిస్తుంది: కాన్పుకి అయ్యే ఖర్చు ఎక్కువ, ఓపీ సంఖ్య సున్నా. ఆ పద్దులో పగటి ఓపీ ఒక గంట తగ్గించి రాత్రి ఇద్దరిని ఉంచడమే నయమని నా అభిప్రాయం.

పుట్టిన రోజే జనన ధ్రువీకరణ చీటీ చేతికిచ్చే కేంద్రాలకి జనం ఎక్కువగా వస్తారు. బిడ్డ పేరు కుటుంబం కార్డులో చేరితేనే రేషన్ పెరుగుతుంది. 2023లో తలకి నెలకి 12 డాలర్లున్న రేషన్ 8 డాలర్లకి పడిపోయినప్పుడు ఆ చీటీ విలువ అందరికీ తెలిసొచ్చింది.

హైదరాబాద్‌లో బాలాపూర్, షాహీన్‌నగర్ వైపు కూడా రోహింగ్యా కుటుంబాలున్నాయి. అక్కడ గుట్టల్లేవు, ఉర్దూతో పని నడుస్తుంది, ప్రభుత్వాసుపత్రి దగ్గరే. ఆగేది ఆధార్ దగ్గర. ఐరాస శరణార్థి కార్డు, స్కాన్ రిపోర్టు, రక్తం గ్రూపు, టీకాల చీటీ అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఎనిమిదో నెల నుంచీ దగ్గరుంచుకోమని ఆశా కార్యకర్తలు చెప్పాలి. ఆసుపత్రిలో అయిన కాన్పుని రిజిస్ట్రారుకి తెలపాల్సింది ఆసుపత్రే, 21 రోజుల్లోపైతే రుసుము లేదు. డిశ్చార్జి కాగితంలో తల్లి పేరు కార్డులో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉందో లేదో వార్డు దాటకముందే చూసుకోవాలి. బయటికొచ్చాక ఆ ఒక్క అక్షరం దిద్దించడానికి ఆధారం చూపించమంటారు.